చేతులు కట్టుకున్న కుర్చీ

రోజూ ఉదయం ఏడింటికి ఆ ఇంట్లో ఒకటే తంతు. వడ్రంగి మంచం మీద పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు మడిచి, కాళ్ళు కిందికి జారవిడిచి, ఆ బరువుతోనే మెల్లగా లేచి కూర్చునేవాడు. చేతులు మాత్రం రొమ్ము మీద దిండును కావలించుకుని ఉండాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఆ దిండే దిక్కు. భార్య పక్కనే నిలబడి కళ్ళతోనే లేపేది. చంకల కింద చెయ్యి వేసి లాగకూడదని ఆవిడకు ఆసుపత్రిలో రెండుసార్లు చెప్పి పంపారు.

గుండెకు ఆపరేషన్ చెయ్యడానికి అతని రొమ్ము ఎముకను రంపంతో నిలువునా కోసి, పనయ్యాక తీగలతో బిగించారు. ముందు రోజు ఈ సంగతి చెప్పినప్పుడు అతను భయపడలేదు సరికదా, రంపం పళ్ళు సన్నవా లావువా అని అడిగాడు. అతుకు గట్టిపడడానికి మూడు నెలలు పడుతుందనీ, అందాకా బరువులెత్తకూడదనీ, చేతులు తల మీదికి ఎత్తకూడదనీ, ముఖ్యంగా చేతుల మీద బలం వేసి లేవకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. పక్క మంచం దర్జీ ఇంటికెళ్ళిన పదో రోజునే నీళ్ళ బకెట్ ఎత్తి, ఎముక కదిలి, మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాడు. నీ గుండె రెండోసారి తట్టుకోవడం కష్టమని డాక్టరమ్మ వడ్రంగికి విడిగా చెప్పింది.

అతనికి మాత్రం కాలు నిలవదు. కూతురికి ఇది తొలి కాన్పు, మూడు నెలల్లో బిడ్డ వస్తుంది. ఆపరేషన్‌కు ముందు మొదలుపెట్టిన ఊయల షెడ్డులో సగంలో ఆగిపోయింది. అది పూర్తి చెయ్యాలి, బిడ్డను తన చేతులతో ఎత్తుకోవాలి. ముప్పై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ జిగురు ఆరేదాకా ముట్టుకోవద్దని చెప్పిన మనిషి, తన రొమ్ములో అతుకు మాత్రం రెండు వారాల్లో ఆరిపోయిందనుకున్నాడు.

హాల్లో ఒక చేతుల కుర్చీ ఉంది. పెళ్ళైన కొత్తలో తనే చేశాడు. ఆ చేతులంటే అతనికి మహా గర్వం, ఎంత ముసలాడైనా వాటిని పట్టుకుని లేచిపోగలడని అందరికీ చెప్పుకునేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు అందులో కూర్చుని, అలవాటు కొద్దీ చేతులు నొక్కి లేవబోయాడు. కుర్చీ తన రెండు చేతులూ తీసి వీపు వెనక కట్టుకుంది. అతని అరచేతులు గాలిలో ఉండిపోయాయి.

"దానికిష్టం లేనట్టుంది, కాళ్ళతో లేవండి" అని భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక తప్పలేదు. అంచు దాకా జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంత వంగి, తొడల బలంతో లేవాలి. ఆసుపత్రిలో నేర్పినప్పుడు ఇదేం విద్య అని నవ్వుకున్నాడు. ఇప్పుడు మొదటి వారమంతా లేవబోయి కూలబడుతూనే ఉన్నాడు. పలకరించడానికి వచ్చిన ఎదురింటావిడ, ఆకలి వేస్తోందా, నిద్ర పడుతోందా అని అడిగినట్టే, కుర్చీ ఇంకా చేతులు కట్టుకునే ఉందా అని అడిగి వెళ్ళేది.

ఆరో వారంలో షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినిపించింది. బావమరిది ఊయల పూర్తి చేస్తున్నాడు. అతుకు సరిగ్గా కూర్చోకపోతే మేకు కొడుతున్నాడు. తన జన్మలో ఏ అతుకుకూ మేకు కొట్టని వడ్రంగికి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ ఊయలను ఎత్తి బల్ల మీద పెట్టి తనే చేసుకుందామని లేవబోయాడు. కుర్చీ చేతులు వెనక నుంచి వచ్చి, గాయానికి తగలకుండా, అతని నడుము చుట్టూ పెనవేసుకున్నాయి.

"వదులు" అన్నాడు. అది వదల్లేదు. కేకలు విని వచ్చిన భార్య సంగతి చూసి, దిండు తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"జిగురు ఆరేదాకా ముట్టుకోకూడదని మీరేగా అంటారు" అంది. అలా అన్నాక కూడా ఆవిడ దిండు మీంచి చెయ్యి తియ్యలేదు. ఇన్నాళ్ళూ ఆవిడకు ఎంత భయంగా ఉందో అతనికి అప్పుడు తెలిసింది. సిగ్గుపడ్డాడు.

బావమరిది సుత్తితోనే గుమ్మంలోకి వచ్చాడు. "ఏం బావా, అప్పుడే చేతులెత్తేశావా?"

"ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పిందిరా."

ముగ్గురూ నవ్వారు. నవ్వితే రొమ్ము నొప్పి పెడుతుంది కాబట్టి వడ్రంగి దిండును గట్టిగా హత్తుకుని నవ్వాడు. ఆ మర్నాటి నుంచి ఊయల పని హాల్లోకి మారింది. మేకులన్నీ పీకించాడు. ఉలి బావమరిదిది, నోరు వడ్రంగిది. నోటికి బరువు పరిమితేమీ లేదు కనుక తిట్లకు లోటు రాలేదు. ఊయల ఒక పక్కకు కాస్త ఒరిగింది గానీ, అతుకులు మాత్రం నిలిచాయి.

మూడు నెలలకు డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతుక్కుందనీ, ఊయల సంగతి విని, ఆ ఆరో వారంలో బరువెత్తి ఉంటే ఇలా ఉండేది కాదనీ అంది. వడ్రంగి కూడా ఫిల్మును వెలుతురుకు పెట్టి పరీక్షగా చూసి, తీగ కాస్త లావైంది గానీ అతుకు బాగుందని మెచ్చుకున్నాడు.

మరో వారానికి కూతురు ఆడపిల్లను ఇంటికి తెచ్చింది. కుర్చీలో కూర్చున్న తండ్రి చేతుల్లో పెట్టింది. మూడు కిలోలు కూడా లేదు. పాప అతని గాయం మచ్చకు చెంప ఆనించి నిద్రపోయింది. గుండె ఇంత హాయిగా ఎన్నడైనా కొట్టుకున్నట్టు అతనికి గుర్తు లేదు. కాసేపటికి పాపను ఊయలలో పడుకోబెట్టాల్సి వచ్చింది.

"ఇటివ్వు బావా, రెండు చేతులతో పాపను పట్టుకుని ఆ కుర్చీలోంచి ఎవరూ లేవలేరు" అని బావమరిది చేతులు చాచాడు.

ఇన్నాళ్ళకు కుర్చీ తన చేతులను ముందుకు తెచ్చి, ఎప్పటి చోట ఉంచింది. వడ్రంగి వాటి వంక ఒకసారి చూశాడు. అంచు దాకా జరిగాడు. పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంత వంగి లేచి నిలబడ్డాడు. పాప కదల్లేదు.

అతను ఊయల వైపు నడిచాడు. చేతులు రెండూ నిండుగా ఉన్నాయి కాబట్టి, వెళ్తూ వెళ్తూ కుర్చీని మోకాలితో తట్టాడు.