బావ జెట్టు, నా హోల్డు

హలో, వినబడుతోందా? ఆఁ, నమస్కారమండీ అందరికీ. నేనే, టైలర్ బాబాయిని. కత్తెర పక్కన పెట్టి మరీ చెప్తున్నాను, కాస్త చెవి ఇటు పడేయండి.

నాకు రాకెట్ల పిచ్చి. చదివింది ఏడో తరగతి, చూసేది మాత్రం రాకెట్ పరీక్షలు. కుట్టు మిషన్‌కి ఫోన్ ఆనించి, ఒక కాలర్ కుట్టేలోపు ఒక రాకెట్ లేచి పేలిపోవడం చూసేస్తాను. పేలినా అక్కడివాళ్ళు చప్పట్లు కొడతారు చూశారూ, అది నాకు భలే ఇష్టం. మన దగ్గర గుండీ ఊడితేనే గొడవ.

మా అక్క మొగుడిది ఇంకో పిచ్చి. ఆయన జెట్ విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఫ్లయింగ్ క్లబ్ షెడ్డులో తుప్పు పట్టి పడున్న, తన ఈడు జెట్టు ఒకదాన్ని ఆరేళ్ళుగా బాగు చేస్తున్నాడు. దాని సీటు గుడ్డ, ఇంజన్ మూతికి కట్టే ముసుగు నేనే కుట్టాను. ఎగరదు లెండి, రెక్కల్లో ఆ సత్తువ లేదు. ఇంజన్ ఒక్కసారి తిరిగితే చాలని ఆయన కోరిక.

క్లబ్ ప్రెసిడెంటుకు ఓపిక అయిపోయింది. "ఈ ఆదివారం ఇంజన్ తిరిగితే షెడ్డులో ఉంటుంది. లేదంటే లోపలి సామానంతా పీకేసి, గేటు ముందు స్తంభం మీద నిలబెట్టేస్తాం. ఫొటోలకు బాగుంటుంది," అన్నాడు.

బావకు అన్నం సహించలేదు. "నాకు జ్వరమొచ్చినా ఇంత దిగులు పడలేదీ మనిషి," అంటూనే అక్క ఆదివారం టీ ఫ్లాస్కుతో వచ్చి షెడ్డు ముందు కుర్చీ వేసుకుంది.

షెడ్డు బయటికి తోసిన విమానంలో బావ కూర్చున్నాడు. నేను వాకీటాకీ పట్టుకుని తోక దగ్గర కాపలా, చూడ్డానికొచ్చిన ప్రెసిడెంట్ నా పక్కన. నిప్పు కనబడితే అరవడం నా పని. స్టార్టర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఇంజన్ తనంతట తాను తిరిగే వేగం అందుకునేదాకా వదలకూడదు. రెండుసార్లు నొక్కాడు. రెండుసార్లూ అది మూలిగి తెల్ల పొగ కక్కింది. పొగ చూడగానే బావ బటన్ వదిలేశాడు.

"సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఇలా మధ్యలో వదల్లేదురా బామ్మర్దీ. సొంతదనేసరికి భయమేస్తోంది. బ్యాటరీలో ఇంకొక్కసారికే దమ్ముంది," అన్నాడు.

మూడోసారి నొక్కాడు. ఈసారి పొగ షెడ్డంత లేచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రాకెట్ పరీక్షలో ఏదైనా తేడా వస్తే ఏమంటారో అదే నోటికొచ్చింది.

"హోల్డ్! బావా, హోల్డ్!"

"పట్టుకునే ఉన్నానురా!"

"హోల్డ్! హోల్డ్!"

"వదల్లేదురా, ఎందుకలా గొంతు చించుకుంటావ్!"

అంతలో మూలుగు కాస్తా ఈల అయింది. ఈల పెరిగి పెరిగి హోరయింది. పొగ తెగిపోయింది. నా పక్కన నిలబడ్డ ప్రెసిడెంట్ టోపీ ఎగిరి గడ్డిలో పడింది. ఆరు నిమిషాలు తిరిగిందండీ ఇంజన్! బావే ఆపాడు. ఆపి, కిందికి దిగలేదు.

"దిగవయ్యా, టీ చల్లారిపోతోంది," అంది అక్క.

"ఒక్క నిమిషమే," అన్నాడు, ముందున్న డయళ్ళు తుడుస్తూ.

ప్రెసిడెంట్ టోపీ దులుపుకుంటూ వచ్చి, "షెడ్డులోనే ఉండనీండి. నెలకోసారి ఇలా తిప్పి జనానికి చూపిస్తారా?" అని అడిగాడు. బావ తలూపాడు.

తర్వాత దిగి, నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. "నువ్వు లేకపోతే ఈసారీ వదిలేసేవాణ్ణిరా. పట్టుకో, పట్టుకో అని ఎంత ధైర్యమిచ్చావు!"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "బావా, నేను ఆపమన్నాను. రాకెట్లవాళ్ళ భాషలో హోల్డ్ అంటే ఆపు అని."

అక్క నవ్విన నవ్వుకి కప్పులో టీ సగం ఒలికింది. బావ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆపు అని తెలుగులో ఏడవొచ్చుగా వెధవా! అమ్మో, వద్దులే. ఆపేసుండేవాణ్ణి. నీ ఇంగ్లీషు చల్లగుండ!"

ఇదండీ సంగతి. పాత మిషనొకటి ముందేసుకుని ఇంట్లో తిట్లు తినే మహానుభావుడు మీ ఎరికలో ఎవరైనా ఉంటే, ఈ కథ ఆయనకు పంపండి. తిట్టే ఆవిడకు ముందు పంపండి.