గంగాలమ్మ నోటి వెలుగు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్లో సముద్రం లేదు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లనీ మీరు చూసి ఉండరు. అందుకే ఈ కథ ఇంతవరకూ మీ చెవిన పడలేదు. ఏ వయసులో చెప్పాలో తేల్చుకోలేక ఆలస్యమైంది. ఇంకా ఆలస్యమైతే చెప్పినా లాభం ఉండదేమోనని ఇప్పుడు చెప్పడం.

విశాఖపట్నం జాలారిపేటలో, సముద్రపు గట్టు మీదికి రోజూ పొద్దుగూకే వేళకి గంగాలమ్మ వచ్చి కూర్చునేది. అప్పటికి చేపల గంప కడిగి బోర్లించి, మనవరాలు సాయిదుర్గ చేత తల దువ్వించుకుని వచ్చేది. బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించేది. రెండు దమ్ములు మామూలుగా లాగి, చటుక్కున తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునేది. దీన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకూడదు, రెండు చేతులూ గంపకే కావాలి. అందుకని ఆ పేటలో ఆడవాళ్లు తరాలుగా ఇలాగే కాల్చారు. గంగాలమ్మకి వాళ్ల అత్త నేర్పింది, పెళ్లైన మూడో నెలలో.

చుట్ట సగం కాలాక గంగాలమ్మ దాన్ని పళ్లతో పట్టుకుని సముద్రం వైపు నోరు తెరిచేది. పక్కన కూర్చున్నవాళ్లకి అది మామూలు నిప్పు. నీళ్ల మీద ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్నవాళ్లకి మాత్రం కుంకుమ బొట్టంత ఎర్రగా, కదలకుండా కనపడేది. ఆ వీధి బోట్లు నాలుగూ దాన్ని పట్టుకునే ఒడ్డుకి చేరేవి.

ఐసు తెచ్చే వేను డ్రైవరు కొత్తవాడు, ఒకసారి అడిగాడు. "ఫోన్లో మేప్ ఉంది కదా, ముసలామెతో పనేంటి?"

ఒక బోటులో వేటకెళ్లే కోటి నవ్వాడు. "మేప్ ఊరు సూపిత్తాది బాబూ. మా ముసల్ది ఇల్లు సూపిత్తాది."

అదీ నిజమే. చీకటి పడితే నీళ్ల మీంచి చూసేవాడికి ఊరంతా దీపాలే. లైట్ హౌసూ, బీచ్ రోడ్డు హోటళ్లూ, లంగరేసిన ఓడలూ, అన్నీ ఒకదాన్నొకటి మింగేసుకుంటూ వెలుగుతాయి. అందులో తన వీధి ఏదో ఎలా తెలుస్తుంది? వేను డ్రైవరు బుర్ర ఊపి ఐసు దింపాడు. మర్నాటి నుంచి అతనూ, "ఏమ్మా, ఇంకా కూర్చోలేదా? బోట్లొచ్చే వేళయింది," అని గంగాలమ్మని పలకరించి వెళ్లేవాడు.

కోటి చెల్లెలు మహేశ్వరి గంగాలమ్మ కోడలు. భర్త గురువులూ, అన్న కోటీ ఒకే బోటులో వేటకి వెళ్తారు. కాబట్టి అత్త నోట్లో వెలుగు ఆమెకి రెండు ప్రాణాల లెక్క. అత్త తుమ్మినా, దగ్గినా ఉలిక్కిపడేది. ఉలిక్కిపడడం మహేశ్వరికి పుట్టుకతో వచ్చింది. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లినదల్లా వెనక్కి వచ్చే మనిషి.

గంగాలమ్మ చేపల పులుసు పక్కకి తోసేయడం మొదట చూసింది ఆమే.

"కారం ఎక్కువైందా అత్తా?"

"నేదు. నోరు బాగోనేదు."

మూడు రోజులు మజ్జిగన్నం. తర్వాత చప్పటి గంజి. గంజి కూడా చల్లారాక. మహేశ్వరి పోరు పడలేక ఐదో రోజు గంగాలమ్మ ఆసుపత్రికి బయల్దేరింది, షేర్ ఆటోలో దారి పొడుగునా గొణుగుతూనే.

డాక్టరమ్మ పేరు శ్రీసత్య. చిన్న వయసు. "నోరు తెరవండి మామ్మగారూ," అని టార్చి వెలిగించింది. చూసి, టార్చి ఆపేసింది. దాని అవసరం లేకపోయింది. గంగాలమ్మ నోరు లోపల్నించే వెలుగుతోంది. ఆ ఎర్రటి వెలుగులో అంగిలంతా తెల్లగా, సున్నం కొట్టినట్టుంది. మధ్యలో శనగ గింజంత చోటు మాత్రం పచ్చిగా ఉంది.

"ఎన్నాళ్ల నుంచి కాలుస్తున్నారు?"

"నా పెళ్లైనకాడి నుంచి."

డాక్టరమ్మ ఆ పచ్చి చోటు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. వారం తర్వాత మహేశ్వరిని పక్కకి పిలిచింది. క్యాన్సరేనని, ఇప్పుడే దొరికింది కాబట్టి కోసి తీసేయొచ్చని, గురువారం వచ్చి చేరమని చెప్పింది. "చుట్ట మాత్రం ఈ రోజుతో ఆఖరు. ఆపరేషన్ చేశాక మళ్లీ కాలిస్తే నేను చేసిందంతా వృథా."

"ఒక్కటి కూడానా డాక్టరమ్మా? సాయంత్రం ఒక్కటి?"

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మీవాళ్లు వేటకి వెళ్తారా?"

మహేశ్వరి తలూపింది.

"ఒక్కటి కూడా వద్దు," అంది డాక్టరమ్మ, ఈసారి మెల్లగా.

ఆ రాత్రి అన్నాల దగ్గర మహేశ్వరి చెప్పింది. గురువులు ముద్ద కలిపి, తినకుండా కూర్చున్నాడు. ప్రతి ఆదివారం పూర్ణా మార్కెట్‌కి వెళ్లి తల్లికి చుట్టల కట్ట తెచ్చేది అతనే. మంచి పొగాకో కాదో వాసన చూసి మరీ ఎంచేవాడు.

"తగ్గించమందాం," అన్నాడు చివరికి.

"తగ్గించడమేటి? మానీమన్నాది."

"మానీసినాక నాను సీకట్లో దారి తప్పితే?"

గంగాలమ్మ గోడకి చేరగిలబడి వింటోంది. "మీ అయ్య సంద్రంలో పోయిన దినం నాను గట్టు మీద నేకపోనాను," అంది. "మా సెల్లి పెళ్లని పూడిమడక ఎల్లినాను. ఒక్క దినం. నీకప్పుడు ఆరేళ్లు. మరి నాను మానీసినాననుకో, నీ పెళ్లాం ఏటి సెయ్యాల?"

సాయిదుర్గ కంచంలో ముల్లు తీసుకుంటూ నానమ్మ వంకా, నాన్న వంకా మార్చి మార్చి చూసింది. పదకొండేళ్లది. ఆ చూపు మహేశ్వరికి కనపడింది. కానీ ఆ పూట ఆమెకి భయపడాల్సినవి చాలా ఉన్నాయి, దానికి చోటు దొరకలేదు.

బుధవారం సాయంత్రం గంగాలమ్మ గట్టు మీద ఆఖరి చుట్ట కాల్చింది. కట్టలో ఇంకా తొమ్మిది మిగిలాయి. వాటిని పారెయ్యాల్సింది మహేశ్వరే. పెరట్లోకి తీసుకెళ్లింది కూడా. అక్కడ నిలబడి, ఒకవేళ అనుకుంది. ఒకవేళ ఎప్పుడైనా మరీ అవసరమైతే. లోపలికొచ్చి బియ్యం డబ్బా వెనక దాచేసింది.

గురువారం ఉదయం గురువులు తల్లిని ఆసుపత్రిలో చేర్పించాడు. తొమ్మిదింటికి కోటి ఫోన్ చేశాడు. "బావా, కవళ్లు దిగినాయి. నీళ్లు నల్లగున్నాయి సేపతో. వేట బందు ఎత్తీసినాక ఇంత సేప ఇదే మొదలు. పొద్దుండగా ఒచ్చీద్దాం."

గురువులు మహేశ్వరిని చూశాడు. పొద్దుండగా, అన్నాడు. ఆమె వద్దనలేదు. మూడింటికి ఆపరేషన్ బాగా అయిందన్నారు. ఐదింటికి పక్కింటి వరహాలమ్మ వచ్చి, "నాను కూకుంటాను, నువ్వు పిల్ల దగ్గిరికెల్లు," అని ఆమెని పంపించింది. బస్సు దిగేసరికి సన్నగా తుంపర. మబ్బు వల్ల పొద్దు ముందే పోయింది. మిగతా మూడు బోట్లూ మబ్బు చూసి మధ్యాహ్నమే వచ్చేశాయి. ఇసక మీద గురువులు బోటు చోటు ఖాళీగా ఉంది.

ఇల్లు తీసే ఉంది. పిల్ల లేదు. బియ్యం డబ్బా పక్కకి జరిగి ఉంది.

మహేశ్వరి గట్టు వైపు పరుగెత్తింది. నానమ్మ కూర్చునే చోటే, కాళ్లు మడుచుకుని, సాయిదుర్గ కూర్చుని ఉంది. నోట్లో చుట్ట. నిప్పు లోపలికి. కళ్లంట ధారగా నీళ్లు కారుతున్నాయి, ముక్కులోంచి పొగ. సముద్రం వైపు నోరు తెరిచి, కదలకుండా కూర్చుంది. చిన్న నోరు. పళ్ల మధ్య ఎర్రగా, నానమ్మకంటే ప్రకాశంగా వెలుగుతోంది.

మహేశ్వరి చెయ్యి చాపింది.

ఎదురుగా నీళ్లు కనపడటం లేదు. వాన, చీకటి కలిసిపోయాయి. ఆ చీకట్లో భర్త ఉన్నాడు, అన్న ఉన్నాడు. చాపిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎంతసేపని ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు. పిల్ల వీపు వణకడం చూస్తూ, చెవులు మాత్రం నీళ్ల మీద పెట్టుకుని నిలబడింది.

ఇంజిన్ చప్పుడు వినపడింది. అప్పుడు గానీ ఆ చెయ్యి కదల్లేదు. చుట్ట లాగి అవతల పారేసి పిల్లని ఒళ్లోకి తీసుకుంది. సాయిదుర్గ గట్టు మీదే భళ్లున కక్కుకుంది.

గురువులు బోటు ఆగకముందే దూకి, నడుంలోతు నీళ్లలో పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ఏమైందని అడగలేదు. ఇసకలో కూలబడ్డాడు.

"ఇంజిన్ ఆగిపోనాది," అన్నాడు కోటి వెనకనించి. "మూడు గంటలు కొట్టుకుపోనాం సెల్లీ. అది మళ్లీ అంటుకునేసరికి సీకటడిపోనాది. ఫోన్లు తడిసిపోనాయి. ఈ ఎలుగు నేకపోతే—"

"నోర్ముయ్ బావా," అన్నాడు గురువులు. భార్య వైపు తిరిగాడు. "అమ్మ కూకునే ఎత్తుకి జానెడు కింద ఉన్నాదా ఎలుగు. సూడగానే తెలిసిపోనాది నాకు, ఎవులిదో. తెలిసీ దాన్నే సూసుకుంటా ఒచ్చినాను మయేస్వరీ."

మహేశ్వరి తన సంగతి చెప్పబోయింది. కూతురి మొహం కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

గంగాలమ్మ పది రోజులకి ఇంటికొచ్చింది. అంగిలి కోసిన చోట ప్లాస్టిక్ బిళ్ల పెట్టారు, మాట ముక్కులోంచి వస్తోంది. మంచం మీద కూర్చోగానే అడిగిన మొదటి మాట, "ఆ దినం మీరెలాగొచ్చినారు?"

గురువులు చూరు వైపు చూశాడు. మహేశ్వరి వంటింట్లోకి వెళ్లబోయింది.

"నాను కూకున్నాను నానమ్మా," అంది సాయిదుర్గ. కొంచెం గర్వంగానే అంది. "సగం కాలేదాకా తియ్యనేదు."

గంగాలమ్మ చాలాసేపు మనవరాలిని చూసింది. మానేస్తానని ఆమె అప్పటిదాకా ఎవరికీ మాటివ్వలేదు. పుండు మానాక మళ్లీ గట్టెక్కాలనే అనుకుంది. ఇప్పుడు "ఆ కట్ట అట్రా," అంది. సాయిదుర్గ తెచ్చిన కట్టని చేపలు కడిగిన నీళ్ల బకెట్లో ముంచింది. చుట్టలు నాని విచ్చిపోయేదాకా, నీళ్లు గోధుమరంగుకి తిరిగేదాకా, ముంచిన చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాత రోజులు తేలిగ్గా గడవలేదు. గంగాలమ్మకి తలనొప్పులు, నిద్ర లేదు. ఉప్పు తక్కువైందని కోడల్నీ, ఊరికే నవ్విందని వరహాలమ్మనీ తిట్టిపోసేది. చేతులకేం పనివ్వాలో తెలీక చినగని వలని కూడా అతికేది. ఒక్కోసారి గట్టు వైపు చూస్తూ ఉత్త పెదాలే బిగించేది.

గురువులు చీకటి వేట మానేశాడు. తెల్లారాక వెళ్లి, మధ్యాహ్నం ఎండలో వచ్చేసేవాడు. చేప తగ్గింది.

"పొద్దున్నే ఎల్తే కవళ్లు మనకోసం కాసుక్కూకుంటాయేటి బావా?" అని కోటి సణిగాడు.

"నేకపోతే గంజి తాగుదాం."

కోటి వేరే బోటు చూసుకుంటానని బెదిరించాడు, నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు తెల్లారి ఇంజిన్ దగ్గరికి అతనే ముందొచ్చాడు. మిగతా బోట్లూ ఒకటొకటిగా వేళలు మార్చుకున్నాయి. ఇంకో ఎర్ర చుక్క కోసం ఆ వీధిలో ఎవరూ అడగలేదు.

ఇంకొక్కటే మిగిలింది. ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు సాయిదుర్గ ఆవలించింది. చీకట్లో అంగిలి మీద ఆవగింజంత ఎర్రగా మెరిసింది.

మహేశ్వరి మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ గదిలో లైటు ఆపి చూసింది. "చిన్నగా కాలింది, మానిపోతుంది. మళ్లీ ముట్టుకోకపోతే ఈ వెలుగూ పోతుంది," అంది. ఎన్నాళ్లకి అంటే చెప్పలేనంది.

ఆనాటి నుంచి రోజూ అన్నాలకి ముందు మహేశ్వరి లైటు తీసేసేది. "నోరు తెరు."

"రోజూ ఏటమ్మా!"

"తెరు గుంటా."

ఒకరోజు ఆవగింజ. ఒకరోజు గసగసాల గింజ. ఒకరోజు కిందటి రోజు కంటే పెద్దగా ఉందేమోనని ఆమెకి రాత్రంతా నిద్ర పట్టలేదు. పక్కన గంగాలమ్మ కూడా వంగి చూసేది. చూసి, మనవరాలి గడ్డం పట్టుకుని నోరు మూసేది.

నలభయ్యో రోజో, నలభై ఒకటో, లైటు తీసేస్తే ఏమీ కనపడలేదు. మహేశ్వరి ఇంకా దగ్గరికి జరిగింది. "పెద్దగా తెరు." ఏమీ లేదు, ఉత్త చీకటి. గురువులు ఆవేళ మధ్యాహ్నమే వచ్చి గుమ్మంలో వల దులుపుకుంటున్నాడు. లోపల ముగ్గురు ఆడవాళ్లు చీకట్లో కూర్చుని ఉన్నారు. ఎవరూ లేచి లైటు వెయ్యలేదు, కాసేపు.

"ఆకలేత్తందమ్మా," అంది సాయిదుర్గ, నోరు తెరిచే ఉంచి.

సాయిదుర్గ ఇప్పుడు పెద్దదైంది. చుట్ట కాదు కదా, అగరొత్తి కూడా దూరంగా పట్టుకుని వెలిగిస్తుంది.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గర ఆపకండి. మీ స్నేహితులకి చెప్పండి, రేపు మీకు పిల్లలు పుడితే వాళ్లకి చెప్పండి. చెప్పడం అయ్యాక ఒక్కసారి లైటు ఆర్పి, వాళ్లని నోరు తెరవమనండి. విసుక్కుంటారు, అయినా సరే. బాగా దగ్గరికి జరిగి చూడండి. చీకటే కనపడితే, అప్పుడు లైటు వేసి అన్నం పెట్టండి.