వెనక బండిలో గౌరయ్య

సాలోమోను అయ్యగారి బస్సుకు రెండు పేర్లు. ముందు అద్దం మీద ఆయన రాయించుకున్నది ‘సువార్త రథం’. మేడ్చల్‌లో నా మెకానిక్ షెడ్డు చుట్టుపక్కల జనం పెట్టింది ‘కదిలే కాపురం’. వేలంలో కొన్న పాత బస్సులో సీట్లు పీకించి, రెండు మంచాలు, ఒక స్టవ్వు, ఒక హార్మోనియం పెట్టించుకుని, భార్య మార్తమ్మతో ఊరూరా తిరిగి మీటింగులు పెట్టేవారు. ఊళ్ల సందుల్లో బస్సు దూరదు. అందుకని వెనకాల ఇనుప రాడ్డుతో ఒక పాత ఫియట్ కట్టి ఉండేది. బస్సు ఊరి బయట ఆపి, ఫియట్ విప్పుకుని లోపలికి పోయేవారు.

ఆ ఫియట్‌లో అలియాబాద్ గౌరయ్య ఉండేవాడు.

మా వైపు ఏ బండిని లాక్కుపోయినా, వెనక బండిలో ఒక మనిషి కూర్చోవాల్సిందే. అక్కడ ఇంజన్ నడవదు, పలకరించేవాడుండడు. ముందు బండి వెనక లైటు ఎర్రగా వెలిగినప్పుడల్లా కాలితో బ్రేకు నొక్కాలి. నొక్కకపోతే వెనక బరువంతా వచ్చి ముందు బండిని తోస్తుంది. ఆరేళ్లుగా గౌరయ్య చేస్తున్నది అదే.

“గౌరయ్యా, అందరికి కాలం కలిసి రావాలె. నీకు కాలు కలిసొచ్చిందే!” అని నేను షెడ్డులోంచి అరిచేవాణ్ని. కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వేవాడు.

రెండువేల ఒకటి ఎండాకాలంలో ఆ కాలే మొరాయించింది. మోకాలు వాచి, మెట్టు ఎక్కితే మూలుగు. అతని భార్య సిద్దమ్మ ఎండలో నడిచి నా షెడ్డుకు వచ్చింది.

“అన్నా, రాత్రంత కాలు పట్టుకోని కూసుంటుండు. అయ్యగారికి జెప్పి గా బండ్లకెల్లి దించు. మనిషికి బదులు ఏదన్న మిషిని పెట్టరాదు?”

“పెడ్త చెల్లె. దించే పూచీ నాది.”

మర్నాడు గౌరయ్య కుంటుకుంటూ వచ్చాడు. “మిషిని పెడ్తవంట. మరి నన్నేం జేస్తరు? హార్మోనియం వాయిస్తనా, వాక్యం జెప్తనా? నా జాగ తియ్యకు అన్నా.”

“నీ జాగ యాడికి పోదు తియ్.”

ఇద్దరికీ మాటిచ్చాను. నోరు పెద్దది కదా, రెండు మాటలూ పట్టాయి.

ఆ వారమే అయ్యగారు, డ్రైవర్ బాలేష్ బస్సు తెచ్చి షెడ్డు ముందు ఆపారు. బాలేష్ నా శిష్యుడే. నేను లారీ తోలిన రోజుల్లో నా పక్కన కూర్చుని స్టీరింగ్ నేర్చుకున్నాడు. అయ్యగారు నెమ్మదిగా అడిగారు. “గౌరయ్య అవస్థ చూడలేకపోతున్నాను. ఆ ఫియట్ తనంతట తాను ఆగే దారి ఏదైనా ఉందా?”

రెండు దారులున్నాయని చెప్పాను. ఒకటి తోపుడు బ్రేకు. జీడిమెట్లలో లేత్ పని చేసేవాళ్లు తయారుచేస్తారు. బస్సు నెమ్మదించగానే ఫియట్ ముందుకు తోస్తుంది కదా, ఆ తోపుతోనే రాడ్డు నొక్కుకుని ఫియట్ బ్రేకు పడుతుంది. ఇంజన్‌తో సంబంధం లేదు. అయితే బస్సు రివర్స్ చేసినా అదే తోపు, అదే బ్రేకు. అందుకని రివర్స్ చేసే ముందు దిగి, బ్రేకు పడకుండా రాడ్డుకు పిన్ను పెట్టాలి. రెండోది వాక్యూమ్ బ్రేకు. బస్సు ఇంజన్ తిరుగుతున్నంతసేపు ఒక గొట్టంలోంచి గాలి పీలుస్తుంది. బస్సు బ్రేకు తొక్కినప్పుడు ఆ పీల్పే వెనక ఫియట్ పెడల్‌ను కిందికి లాగుతుంది. పిన్ను లేదు, దిగేది లేదు.

“దిగుడు, పిన్ను పెట్టుడు నాతోని గాదు ఉస్తాద్,” అన్నాడు బాలేష్. “ఊరూరికి ఇరవై సార్లు రివర్స్ కొడ్త. గా గొట్టందే పెట్టు.”

నాకూ అదే నచ్చింది. “అయ్యగారూ, మీది వాక్యం, నాది వాక్యూమ్. రెండూ కండ్లకు కనపడయి, గని పని జేస్తయి!” అన్నాను. అయ్యగారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్న గౌరయ్య ఏదో అనబోయాడు. మా నవ్వులో అది వినపడలేదు.

బిగించాక, బాలేష్ పక్కన కూర్చుని షామీర్‌పేట దాకా పోయి వచ్చాను. ఉస్తాద్ పక్కన ఉన్నాడని అత్తారింటికి వచ్చిన అల్లుడంత మర్యాదగా తోలాడు. ఫియట్ మా వెనకాల బుద్ధిగా ఆగింది, బుద్ధిగా కదిలింది.

గౌరయ్యకు బస్సులో చోటిచ్చారు, మైకుల వైర్లు చూసుకునే పని. రెండు వారాలు కూర్చున్నాడు. మూడో వారం కీసరలో మీటింగయ్యాక ఫియట్ తలుపు తీసుకుని ఎక్కుతుంటే, మార్తమ్మ వద్దని చెప్పింది.

“బస్సుల కూసుంటె కాలు ఊకుంటలేదమ్మా,” అన్నాడట ఎక్కి కూర్చుంటూ. “ఎర్రలైటు కొరకు ఎదురుసూస్తాంది.”

షామీర్‌పేట వైపు వస్తుంటే ఒక పొడుగాటి దిగుడుంది. మిట్టమధ్యాహ్నం. అక్కడ బాలేష్ తనకు అలవాటైన పని చేశాడు. ఇంజన్ ఆపేసి బస్సును వదిలేశాడు. డీజిల్ మిగులుతుందని మా డ్రైవర్లంతా చేసేదే. బాలేష్‌కు అది నేర్పింది నేను. “దేవుడే తోస్తుంటె డీజిల్ ఎందుకురా?” అని లారీలో అన్నప్పుడు క్యాబిన్ అంతా నవ్వింది. గొట్టం బిగించే రోజున ఆ మాట నాకు గుర్తు రాలేదు. ఇంజన్ ఆగితే పీల్పు ఉండదు. గొట్టానికి తగిలించిన చిన్న డబ్బాలో మిగిలిన పీల్పు రెండు బ్రేకులకే సరిపోతుంది.

ఒక మలుపులో ఒక బ్రేకు. గుంత దగ్గర ఇంకోటి. దిగుడు చివర రోడ్డు నిండా బర్రెలు. మూడోసారి బాలేష్ తొక్కితే బస్సు ఆగబోయింది, ఫియట్ ఆగలేదు. వెనక నుంచి తోసింది. కాలి కింద పెడల్ దిగకపోవడం గౌరయ్యకు తెలిసిపోయింది. వాచిన మోకాలితో, ఉన్న బరువంతా వేసి నొక్కాడు. బస్సు బర్రెల ముందు ఆగింది. ఆ తోపుకు వంగిన రాడ్డు విరిగి, ఫియట్ పక్కకు తిరిగి కాలువలో పడింది.

బస్సులో ఉన్నవాళ్లకు గీత కూడా పడలేదు. గౌరయ్య కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆసుపత్రి వరండాలో సిద్దమ్మ ఏడవలేదు. నా మొహంలోకి చూసి అంది. “దించుమన్న గదన్నా. దించినవు.”

పది రోజులకు అయ్యగారు షెడ్డుకు వచ్చారు. ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. “ఈసారి ఏ బ్రేకు పెడదాం?” అని మాత్రం అడిగారు. గౌరయ్యను అడుగుదామన్నాను. బాలేష్‌నూ తీసుకుని ముగ్గురం ఆసుపత్రికి పోయాం.

“తోపుడుదే పెట్టున్రి,” అన్నాడు గౌరయ్య పడుకునే. “నేను ఆ దినమే జెప్పబోయిన. బాలేష్ దిగుడు కాడ ఇంజన్ బంద్ జేస్తడు, గొట్టం పనికిరాదని. ఆరేండ్ల సంది ఎనుక కూసున్న, నాకు ఎరుకలేదా? నన్నెవరడిగిండ్రు?”

బాలేష్ నేల చూస్తూ అన్నాడు. “మరి రివర్స్‌ల పిన్ను...”

“నేను పెడ్త. పిన్నుకు చేతులు గావాలె. కట్టె ఊతం పట్టుకోని దిగుత, ఎక్కుత. నా జాగ నాకుంటది.”

సిద్దమ్మ చేతిలోని గ్లాసు స్టూలు మీద పెట్టి బయటికి పోయింది.

గౌరయ్య నావైపు తిరిగాడు. “ఏందన్నా, సప్పుడు జేస్తలేవు? ఏదన్న అను. ఎప్పుడనెటోనివి గద, కాలు కలిసొచ్చిందని.”

దుప్పటి ఎడమవైపు ఎత్తుగా ఉంది. కుడివైపు మంచానికి అంటుకుని ఉంది. అటు వైపు జారిన దుప్పటి అంచు పైకి సర్ది, నేను అక్కడే నిలబడ్డాను.