పుట్టుమచ్చ తీర్పు

స్టూడియోలో అక్కకూ తమ్ముడికీ పొద్దుటి నుంచీ ఒకటే వాదన. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లు రెండు తెచ్చి వాడి చూస్తున్నారు. ఒకటి నెలనెలా డబ్బు కట్టేది, రెండోది ఒక్కసారి కొనేస్తే చాలు. ఉచిత గడువు ఆ సాయంత్రంతో సరి.

"నెలనెలా కడితే కొత్త హంగులన్నీ వాటంతటవే వస్తాయక్కా!"

"కట్టడం మానేస్తే ఉన్నవీ పోతాయి కదరా!"

తన మాట నెగ్గించుకోవాలని తమ్ముడు, గుర్తింపు కార్డు కోసం వచ్చిన టైలరు గారి ఫోటోను తనకు నచ్చినదాంట్లో దిద్ది చేతికిచ్చాడు. ఆయన ఫోటో చూసి బుగ్గ తడుముకున్నాడు.

"నా పుట్టుమచ్చేదమ్మా? దరఖాస్తులో గుర్తుగా రాసింది దాన్నే!"

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. రెండోదాంట్లో దిద్ది చూస్తే మచ్చ పదిలంగా ఉంది.

"ఇదే కొంటున్నా. టైలరు గారి ముఖానికి అప్‌డేట్లెందుకురా?"

ఆయన వెళ్లిపోయినా తమ్ముడు ముఖం వేలాడేసుకునే కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"సంబంధం వాళ్లు నా ఫోటో అడిగారక్కా. ఈ మొటిమలు చూస్తే..."

పొద్దుటి నుంచీ వాడు అంత పట్టుబట్టిందెందుకో అక్కకు అప్పుడర్థమైంది.

"సరే, దానికీ ఒక్క నెల కట్టు. పెళ్లి మాత్రం ఆ నెల్లోనే కుదరాలి!"