నా వంతు కళ్లద్దాలు

మా ఆయన త్రినాధరావుగారిని దుబారా మనిషని ఎవరూ అనలేరు. చిరిగిన బనీను నాకు మసిగుడ్డగా ఇస్తారు. పవరు మారిన కళ్లద్దాలు నాకు చూపుగా ఇస్తారు.

అచ్యుతాపురం దగ్గర ఆయన పనిచేసే మందుల కంపెనీ ఏటా ఉద్యోగికీ భార్యకీ కంటి పరీక్ష చేయించి చెరో జత అద్దాలు ఇప్పిస్తుంది. ఆయన వంతుకి ఆయన కొత్త అద్దాలు వస్తాయి. నా వంతుకి ఆయన కూలింగ్ గ్లాసులు వస్తాయి. "బండి మీద తిరిగేవోడికి దుమ్మూ ఎండా ఉంటాయి. ఇంట్లో ఉండేదానివి, నీకు సూసేదేటుందే?" అన్నారు పోయినేడు.

ఏముంటుంది! డిగ్రీ రోజుల్లో పొయ్యి మీద పప్పు మాడి అమ్మ అరిచేదాకా నవల వదిలేదాన్ని కాదు. ఇప్పుడు ఆయన పాత అద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిస్తే అక్షరాలు బెల్లం దిమ్మకి పట్టిన చీమల్లా కదులుతాయి. పుస్తకాన్ని దూరం జరిపి, ఇంకా జరిపి, చెయ్యి చాలక మూసేస్తాను. సగంలో ఆపిన నవలలో ఒకావిడ పెట్టె పట్టుకుని రైలు దిగింది. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. రెండేళ్లుగా ఆవిడ ఆ స్టేషన్లోనే నిలబడి ఉంది. కూర తరుగుతున్నప్పుడల్లా ఆవిడ మీద బెంగ పుడుతుంది.

మొన్న ఆదివారం ఆయన పంటికింద రాయి పడింది.

"కళ్లు కనబడతన్నాయా లేదా?"

"మీ కళ్లతోనే ఏరానండి."

సాయంత్రం ఆయన కొత్త కూలింగ్ గ్లాసులకి బయల్దేరుతుంటే చీర మార్చుకుని బండెక్కేశాను.

"నువ్వెందుకే?"

"నా వంతు కదా, ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని."

షాపులో పరీక్ష చేసే అమ్మాయి లావణ్య నా ముక్కుమీది జోడు తీసి, నా కళ్లు మిషన్లో చూసి, ఆ జోడు కూడా చూసింది.

"ఇవెవరివి ఆంటీ?"

"అంకుల్‌వి."

"అయ్యో! అంకుల్‌కి దూరం ఆనదు. మీకు దగ్గర ఆనదు. ఇవెట్టుకుంటే కనబడేది కూడా మసకైపోద్ది."

అంత చిన్నపిల్ల మా కాపురం గురించి అంత సరిగ్గా ఎలా చెప్పిందా అనుకున్నాను.

బరువైన ఫ్రేములో గాజు బిళ్లలు వేసి నాకు పెట్టి, చిన్నక్షరాల అట్ట చేతికిచ్చింది. చదివాను. అట్ట అయిపోయింది. బల్లమీది కేలెండరు చదివాను, దాని అడుగున ప్రెస్సు పేరు కూడా చదివాను. పైకే చదువుతున్నానని లావణ్య నవ్వాక తెలిసింది. ఇక స్టేషన్లో ఆవిడని ఇంటికి చేర్చొచ్చు.

ఆయన నెత్తిమీది కూలింగ్ గ్లాసులు తీసి జేబులో పెట్టుకున్నారు. "నాదే తప్పమ్మా," అన్నారు లావణ్యతో, నేల చూస్తూ.

"నాకు చెప్పండి," అన్నాను. "దగ్గరకొచ్చి. ఇప్పుడు కనబడుతుంది."

ఒకడుగు ముందుకేశారు.

"నీ వంతు నేను లాగేసుకున్నాను శ్రీదేవీ. తప్పు సేసేను."