దీవెన లేని కబురు

ప్రొవిడెన్సియా ఇల్లు కదలనంటే కదలనంది. తుఫానుకు ఇంటి వెనక కొండ నిలువునా నెర్రె విచ్చింది. ఇంకో గట్టి వాన పడితే ఇల్లూ ఆమే కలిసి ఏట్లోకి జారతారు. చుట్టుపక్కలవాళ్లంతా కింది బడిలో తలదాచుకున్నారు, అయినా ఈమెది మొండిపట్టే. ఆమె పెంచిన మేనల్లుడు ఎడ్గార్దో మందులకని ఏరు దాటి వెళ్లాడు, వెనకే వంతెన కూలింది. వాడొచ్చేదాకా గడప దిగదట.

దీవి మధ్యనున్న ఉటువాడో కొండల్లో ఫోన్లన్నీ మూగబోయాయి. కబుర్లు చేరవేయడానికి స్వచ్ఛందంగా వచ్చిన రేడియోవాళ్లే దిక్కు. వాళ్లలో నొరైదా ఒకతె. ఏటి అవతల శిబిరంలో ఎరిబెర్తో అనే మరో రేడియో ఆయన ఎడ్గార్దోను వెతికి పట్టుకుని, వాడి కబురు రేడియోలో నొరైదాకు అందించాడు. చేతి రేడియో మెళ్లో వేసుకుని, బురదలో పడుతూ లేస్తూ నొరైదా కొండెక్కింది.

"మీవాడు క్షేమం, ప్రొవిడెన్సియమ్మా! 'నాకోసం ఆగొద్దు, వీళ్లతో బడికి దిగిపో' అన్నాడు."

ప్రొవిడెన్సియా ముఖం పాలిపోయింది. గుండెల మీద సిలువ గీసుకుంది.

"అయితే పోయాడన్నమాట."

"పోవడమేంటి? బతికున్నాడంటుంటే!"

"నన్ను దించడానికి అల్లిన మాట అది. వాడి మాట నాకు తెలీదూ? వాడే లేకపోయాక నాకు బడెందుకు, గుడెందుకు?" అంటూ నేలమీద చతికిలబడింది.

నొరైదాకు మతిపోయింది. మంచి కబురు తెస్తే చావు కబురు ఎలా అయింది? ఒకవేళ ఎరిబెర్తో వేరే ఎడ్గార్దోను పట్టుకున్నాడా? తనే ఏదైనా తప్పుగా చెప్పిందా? ఆలోచించినకొద్దీ బుర్ర వేడెక్కింది. చివరికి రేడియో నొక్కింది.

"ఆయన సరైన మనిషేనా? ఈవిడ నమ్మట్లేదు."

"గడ్డం కింద మచ్చ, నోరు తెరిస్తే ఆపడు. వాడే! మంచినీళ్ల వరసలో నిలబడ్డాడు," అన్నాడు ఎరిబెర్తో. "అమ్మాయ్, కబురంతా చెప్పావా? మొదటి మాట కూడా?"

"ఏ మొదటి మాట?"

"'దీవించత్తా' అని చెప్పలే? రెండుసార్లు చెప్పమన్నాడుగా!"

నొరైదా నాలుక కరుచుకుంది. ఈ దీవిలో పెద్దవాళ్లను దీవెన అడగందే ఎవరూ నోరు విప్పరు. పొద్దున లేస్తూనే తనూ వాళ్లమ్మను అడుగుతుంది. అందరూ అనే మాటే కదా, పలకరింపులు కబురులో లెక్కకు రావని వదిలేసింది.

"రెండుసార్లెందుకట?" అంది ప్రొవిడెన్సియా, రేడియో దగ్గరికి పాక్కుంటూ వచ్చి.

"వెళ్లిన రోజు తొందరలో అడక్కుండా వెళ్లిపోయాడట తల్లీ. అందుకే ఇలా ఇరుక్కున్నానని ఒకటే ఏడుపు," అన్నాడు ఎరిబెర్తో.

ప్రొవిడెన్సియా వాడే ఎదురుగా ఉన్నట్టు రెండు చేతులతో రేడియోను పొదివి పట్టుకుంది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాన్నా. ఇది ఇవాళ్టిది." గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఇది ఆ రోజుది."

లేచి చెప్పులు వెతుక్కుంది.