తిలేగెన్ రంపం

పెరటి చెట్లకు కొమ్మలు కత్తిరించడం బాల్జియా వృత్తి. తల్గార్ పట్టణంలోని ప్రభుత్వ తోట మూతపడేదాకా పద్దెనిమిదేళ్లు అక్కడే పనిచేసింది. ఆ తర్వాత ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టింది. మొదట్లో జనం చెట్లు ఆమెకు అప్పగించి లోపలికి వెళ్లి టీ పెట్టుకునేవారు. ఈమధ్య అలా కాదు. ఒక్కసారి చూపించు, మిగతాది మేమే చేసుకుంటాం అంటున్నారు. ఆమె సగం కోసి వెళ్లిన చెట్టును మర్నాటికి మోడు చేసి పెట్టేవారు. ఆగస్టులో కాపు లేదని మళ్లీ ఆమెకే ఫోన్ చేసి దెప్పేవారు.

వాళ్లందరిలో తిలేగెన్ ఒక్కడే వేరు. రిటైరైన బస్సు డ్రైవరు, అరవై ఆరేళ్లవాడు. పెరట్లో పదకొండు ఆపిల్ చెట్లు, రెండు బేరి చెట్లు. ఏటా మార్చిలో ఆయన నిచ్చెన ఎక్కితే, బాల్జియా కింద నిలబడి ఏ కొమ్మ ఎక్కడ కోయాలో చెప్పేది. చెప్పిన ప్రతి మాటా కిందికి దిగి నోటుబుక్కులో రాసుకునేవాడు.

"ముప్పై ఏళ్లు బస్సు నడిపాను చెల్లీ. ఎవర్ని ఎక్కించుకోవాలో ఎవర్ని దించెయ్యాలో నాకు తెలీదా?" అనేవాడు పైనుంచి.

"దించండన్నా, కాకపోతే స్టాపులో దించండి. మీరు నడిచే బస్సులోంచి తోసేస్తున్నారు," అనేది ఆమె.

ఆయన భార్య జియాదా వేడివేడిగా బౌర్సాకులనే పిండి ఉండలు వేయించి తెచ్చేది. ఆ ఇంటి పనంటే బాల్జియాకు ఇష్టంగా ఉండేది.

ఆ ఏడాది మే నెలలో అకాలంగా మంచు పడింది. ఆ వెంటనే ముసురు పట్టింది. బాల్జియా ఊరి అటు చివర ఎవరిదో చెర్రీ చెట్టు మీద ఉండగా తిలేగెన్ ఫోన్ చేశాడు. బేరి చెట్టుకు ఒక లేత కొమ్మ నల్లబడి వంగిపోయిందన్నాడు. ఆమె ఒక చేత్తో కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. మంచుకు మాడి ఉంటుందనుకుంది. ఎలా వంగింది, పూలు ఎలా ఉన్నాయి అని ఒక్క మాట అడగలేదు.

"నల్లబడింది కోసెయ్యండన్నా. అంతే," అని పెట్టేసింది.

పదిహేను రోజులకు మళ్లీ పిలిస్తే వెళ్లింది. గేటు దాటగానే ఆమెకు సంగతి అర్థమైంది. చెట్లు మంటలో కాలినట్టున్నాయి. మాడిన ఆకులు రాలకుండా వేలాడుతున్నాయి. చిగుళ్లు గొర్రెల కాపరి కర్రలా వంకర తిరిగాయి. బెరడు మీద టీ రంగు జిగురు బొట్లు. ప్రభుత్వ తోటలో చివరి ఏడాది చూసింది దీన్ని. కాలుడు తెగులు అనేవారు. తడి రోజుల్లో అది రంపానికి అంటుకుని చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. నలుపుకు మూరెడు కిందికి కోయాలి, కోసిన ప్రతిసారీ రంపాన్ని స్పిరిటుతో తుడవాలి. తిలేగెన్ సరిగ్గా నలుపు అంచు వరకే, ఎంతో శ్రద్ధగా కోశాడు. పదమూడు చెట్లనూ కోశాడు.

రంపం తుడిచారా అని అడిగింది. ఆయన లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చి, పేజీల మీద వేలు పెట్టుకుంటూ చదివాడు.

"ఇందులో లేదే," అన్నాడు.

నిజమే. మార్చి చలిలో ఆ అవసరం రాలేదు, ఆమె చెప్పలేదు. మే నెలలో చెప్పాల్సింది, అప్పుడూ చెప్పలేదు.

అసలు సంగతి తర్వాత బయటపడింది. మంచుకు మాడిన రెమ్మలు తీసిపెట్టమని వీధిలో మరో ఆరిళ్ల వాళ్లు ఆయన్ని పిలిచారు. ఆయన వెళ్లి ఆ రంపంతోనే కోసి వచ్చాడు. బాల్జియా దగ్గర నేర్చుకున్నవాణ్ణని పిలిచారు అని చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది.

చెట్లు వేళ్లతో సహా తీసి కాల్చెయ్యాలని ఆమె చెప్పింది. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

"అన్నీనా?"

"అన్నీ, అన్నా."

ఇద్దరూ ఇంటింటికీ బయల్దేరారు. మొదటిది రౌజా ఇల్లు. భర్త పోయాక ఆవిడ నాలుగు ఆపిల్ చెట్ల కాపు బకెట్లలో రోడ్డు పక్కన పెట్టి అమ్ముకుని బతుకుతోంది. ఫోన్లో తానేమందో చెప్పాలనే బాల్జియా ఆ గుమ్మం తొక్కింది. నోరు తెరిచేలోగా తిలేగెన్ అందుకున్నాడు.

"నా రంపంతోనే వచ్చింది రౌజా. నేనే తెచ్చాను."

రౌజా ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీకొచ్చింది స్టీరింగు తిప్పడం. రంపం నీకెందుకు? పనొచ్చిన మనిషి ఊళ్లోనే ఉంది కదా," అంటూ బాల్జియా వైపు చూపింది.

అప్పుడు చెప్పాలి. బాల్జియా చెప్పలేదు. వచ్చే ఏడాది తననెవరూ పిలవరని భయపడింది. రెండో ఇంట్లోనూ అంతే జరిగింది. ఆరో ఇంటికి వచ్చేసరికి, తిలేగెన్ తప్పు ఒప్పుకుంటుంటే ఆమె పక్కన నిలబడి తల ఊపుతోంది.

జూన్‌లో ఆ వీధిలో ముప్పై నాలుగు చెట్లు పడ్డాయి. వారం రోజులు పొగ వదల్లేదు. తిలేగెన్ తన చెట్లన్నీ ఒక్కడే నరుక్కున్నాడు, ఎవరూ సాయం రాలేదు. వేసవి చివర పక్కింట్లో పెళ్లి జరిగితే ఆయన్ని విందుకు పిలవలేదు.

అక్టోబరులో ఇక ఉండబట్టలేక బాల్జియా వెళ్లింది. ఆయన చెట్లున్న చోట బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. చూడకుండా మాట అనేశానని, తప్పంతా తనదేనని చెప్పింది. ఆయన పారకు ఆనుకుని విన్నాడు.

"అది నాకు జూన్‌లోనే తెలుసు," అన్నాడు. "పొరపాటు ఎవరైనా చేస్తారు. రౌజా గుమ్మంలో నోరెందుకు విప్పలేదు?"

ఆమె ఇప్పుడైనా వెళ్లి చెప్తానంది. చెప్పమన్నాడు ఆయన, మళ్లీ తవ్వుకోసాగాడు. జియాదా కిటికీలోంచి చూసింది గానీ లోపలికి రమ్మనలేదు.

ఆమె అటునుంచి అటే రౌజా ఇంటికి వెళ్లి మొత్తం చెప్పింది. రౌజా జాలిగా నవ్వింది.

"ఆ ముసలాయన పంపాడా నిన్ను? మంచిదానివని ఆయన పాపం నీ నెత్తిన వేసుకోకు," అంది.

ఎంత చెప్పినా నమ్మలేదు. పైగా, తెగులు అంటని ఆప్రికాట్ చెట్లు ఇంకా ఉన్నాయి కదా, వాటిని ఇకనుంచి నువ్వే చూడాలి, వీధిలో అందరికీ చెప్పి ఉంచానంది.

మార్చిలో ఆ వీధిలో అయిదిళ్ల పని వచ్చింది. బాల్జియా కాదనలేకపోయింది. రౌజా పెరట్లో నిచ్చెనెక్కితే గోడ అవతల తిలేగెన్ ఖాళీ పెరడు మొత్తం కనిపిస్తుంది. ఆయన బకెట్టుతో బయటికి వచ్చి, ఆమెను చూసి, అలాగే వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె పని ముగించుకుని, ఆయన గేటు ముందు నుంచి వెళ్లలేక, కాలువ గట్టున బురదలో నడుచుకుంటూ బస్సు స్టాపుకు వెళ్లింది.